కెమిస్ట్రీ మాస్టారు గవర్నర్ అయితే: ఏ.ఆర్. కిద్వాయ్ సంతకాలు, మన తండాల లెక్క

 

నందిగామ, జగ్గయ్యపేట వైపు నుంచి మన గ్రూపులో ఉన్నవాళ్ళలో బీఎస్సీ పిల్లలు చాలామంది. కెమిస్ట్రీ తీసుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడిగేది ఒకటే ప్రశ్న: "కెమిస్ట్రీ చదివితే ఏమొస్తది అన్నా?" మామూలుగా దొరికే జవాబులు మూడు. మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ, సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబులో పని, లేకపోతే బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూపు. మూడూ కష్టపడి బతికే దారులే, తీసిపారేయాల్సినవి కావు. అయితే అదే సబ్జెక్టుతో మొదలుపెట్టి రాజ్‌భవన్ దాకా వెళ్ళిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన కథ ఈ పోస్టులో రాస్తున్నాం. ఊరికే స్ఫూర్తి కోసం కాదు. గవర్నర్ అనే పదవికీ గిరిజనులకీ రాజ్యాంగం వేసిన ముడి ఏంటో, ఆ ముడి మన తండాల దాకా ఎందుకు రాలేదో ఈయన కథలో బాగా కనపడుతుంది. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

ఎవరీ కిద్వాయ్?

పూర్తి పేరు అఖ్లాకుర్ రహ్మాన్ కిద్వాయ్. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ జిల్లా మనిషి. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో 1940లో బీఏ అయ్యింది. సహాయ నిరాకరణ రోజుల్లో, బ్రిటిష్ వాళ్ళ చదువులు మాకొద్దని బయటికొచ్చినవాళ్ళు 1920లో పెట్టుకున్న విద్యాసంస్థ అది. అక్కడి నుంచి అమెరికా వెళ్ళి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎంఎస్, కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1950లో పీహెచ్‌డీ చేశాడు. తిరిగొచ్చి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ప్రొఫెసర్, ఆ శాఖకు అధిపతి, సైన్స్ ఫ్యాకల్టీ డీన్ అయ్యాడు. అంటే పాతికేళ్ళకు దగ్గర దగ్గరగా ఆయన జీవితం తరగతి గది, ప్రయోగశాల.

1974 ఫిబ్రవరిలో యూపీఎస్సీ చైర్మన్ అయ్యాడు, 1979 ఫిబ్రవరి దాకా ఉన్నాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే బీహార్ గవర్నర్‌గా పంపారు. 1985 దాకా ఒక విడత, 1993 నుంచి 1998 దాకా రెండో విడత. తర్వాత 1999 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్. 2000 నుంచి 2004 దాకా రాజ్యసభ సభ్యుడు. 2004 నుంచి 2009 దాకా హర్యానా గవర్నర్, మధ్యలో 2007లో కొన్నాళ్ళు రాజస్థాన్ అదనపు బాధ్యత. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2016 ఆగస్టు 24న చనిపోయాడు.

ఇది పదవుల జాబితా. ఏ పోటీ పరీక్షల పుస్తకంలోనైనా దొరుకుతుంది. మనకు కావాల్సింది, ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడు పడిన సంతకాలు, పడని సంతకాలు.

మొదటిది: పరీక్ష భాష

మనలో గ్రూప్స్, సివిల్స్‌కి చదివేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. కిద్వాయ్ చైర్మన్‌గా ఉన్నప్పుడే, 1974లో, యూపీఎస్సీ ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కోఠారి. 1976లో నివేదిక వచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ అనే మూడు మెట్లు ఆ నివేదిక ఫలితమే. 1979 పరీక్ష నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకంటే పెద్ద సంగతి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలోనైనా మెయిన్స్ జవాబులు రాసుకోవచ్చన్న ఏర్పాటు. అంతకుముందు ఒకటి రెండు పేపర్లకే ఆ వెసులుబాటు ఉండేది, మిగతాదంతా ఇంగ్లీషే.

అంటే తెలుగు మీడియంలో చదివిన మన పిల్ల మెయిన్స్‌ని తెలుగులో రాయగలుగుతోందంటే, దాని వెనక ఒక భౌతికశాస్త్రవేత్త నివేదిక ఉంది, ఆ కమిటీని వేసిన సంస్థ నెత్తిన ఒక రసాయనశాస్త్రవేత్త ఉన్నాడు. పని ఒక్కడిది కాదు, పేరు ఒక్కడికే ఇవ్వక్కర్లేదు. కానీ చదువు లేని తండాలో పుట్టి మొదటితరం చదువుకునేవాళ్ళకి ఈ ఒక్క మార్పు విలువ ఎంతో మనకు తెలుసు.

లోటు కూడా చెప్పుకోవాలి. సంతాలీ భాష ఎనిమిదో షెడ్యూల్లోకి 2003 నాటి సవరణతో వచ్చింది. మన గోర్ బోలీ ఇప్పటికీ లేదు, ఎరుకల భాషా లేదు. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష, పోటీ పరీక్షలో మరో భాష. మనవాళ్ళు ఇన్ని మెట్లు ఎక్కి రావాల్సి వస్తోంది.

గవర్నర్‌కీ మనకీ సంబంధం ఏంటి?

గవర్నర్ అంటే జెండా ఎగరేసి, మంత్రుల చేత ప్రమాణం చేయించే పెద్దమనిషి అనుకుంటాం. చాలా విషయాల్లో అంతే, మంత్రివర్గం చెప్పినట్టు సంతకం పెట్టాలి. కానీ 244వ అధికరణం, ఐదో షెడ్యూల్ చదివితే కథ మారుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాలు ఉన్న రాష్ట్రంలో గవర్నర్‌కి అక్కడ నాలుగు పనులున్నాయి.

1. ఏటా, లేదా రాష్ట్రపతి అడిగినప్పుడల్లా, ఆ ప్రాంతాల పాలన మీద రాష్ట్రపతికి నివేదిక పంపాలి.
2. గిరిజన సలహా మండలి ఉండాలి. 20 మందికి మించకుండా సభ్యులు, వాళ్ళలో ముప్పాతిక వంతు ఎస్టీ ఎమ్మెల్యేలు.
3. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా, షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గానీ, ఈ మార్పులతో వర్తిస్తుందని గానీ ఒక్క నోటిఫికేషన్‌తో చెప్పొచ్చు.
4. గిరిజనుల భూమి చేతులు మారకుండా, వడ్డీవ్యాపారులు దోచుకోకుండా రెగ్యులేషన్లు చేయొచ్చు. వాటికి రాష్ట్రపతి ఆమోదం కావాలి.

మనందరికీ నోటికొచ్చిన 1/70 చట్టం ఈ నాలుగోదాని కిందే వచ్చింది. 1959లో ఒక రెగ్యులేషన్ చేశారు, దాన్ని గట్టిపరుస్తూ 1970లో ఖండూభాయ్ దేశాయ్ గవర్నర్‌గా ఉండగా సవరించారు. ఏజెన్సీలో భూమి గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి పోకూడదు, గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదు. అంత బలం ఉంది ఆ కలానికి.

ఇప్పుడు కిద్వాయ్ పదవుల జాబితాను మళ్ళీ ఈ కళ్ళతో చూడండి. అప్పటి బీహార్‌లో ఇప్పటి జార్ఖండ్ కూడా కలిసి ఉండేది. రాంచీ, సింహభూమ్, సంతాల్ పరగణాలు, అన్నీ ఐదో షెడ్యూల్ ప్రాంతాలు. అక్కడ ఆయన కలానికి ఈ బలమంతా ఉంది. పశ్చిమ బెంగాల్‌లో లక్షల మంది సంతాలులున్నారు, కానీ షెడ్యూల్డ్ ప్రాంతం అంటూ ఒక్క గజం లేదు. హర్యానాలో అసలు ఎస్టీ జాబితాలో ఒక్క తెగ కూడా లేదు. రాజస్థాన్‌లో మళ్ళీ షెడ్యూల్డ్ ప్రాంతం ఉంది. మనిషి ఒక్కడే, కలం ఒక్కటే. రాష్ట్రం మారితే దాని గుణం మారిపోతోంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మన దగ్గరికొచ్చినప్పుడు పనికొస్తుంది.

బీహార్‌లో ఆ కలం ఏం చేసింది?

బీహార్‌లో కిద్వాయ్ రెండు విడతలూ కలిపి పదేళ్ళు పైగా ఉన్నాడు. ఆయన ఉండగా రెండుసార్లు రాష్ట్రపతి పాలన కూడా వచ్చింది. 1980 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఒకసారి, 1995లో మార్చి చివర కొద్దిరోజులు ఇంకోసారి. ఇంత కాలం, ఇంత అధికారం.

అదే 1980లో, సెప్టెంబరు 8న, మంత్రివర్గం మళ్ళీ పాలనలో ఉన్నప్పుడు, సింహభూమ్‌లోని గువా అనే ఇనుప గనుల ఊళ్ళో ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అడవి మీద హక్కు, గనుల్లో పని అడిగినవాళ్ళు వాళ్ళు. గాయపడి ఆసుపత్రికి వచ్చినవాళ్ళ మీద కూడా తుపాకులు పేలాయి. ఇప్పటికీ సెప్టెంబరు 8న గువాలో అమరులను తలుచుకుంటారు. కాల్పులకు ఆదేశమిచ్చేది గవర్నర్ కాదు. కానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇంతటి రక్తం కారినప్పుడు గవర్నర్ నివేదిక అనే కాగితానికి అర్థం ఏంటి అన్న ప్రశ్న మాత్రం చరిత్ర అడుగుతూనే ఉంటుంది. ఒక్క కిద్వాయ్‌ని కాదు, ఐదో షెడ్యూల్ రాష్ట్రాల గవర్నర్లందరినీ.

రెండో విడతలో జార్ఖండ్ ఉద్యమం ఒత్తిడికి 1994లో స్వయంపాలక మండలి చట్టం వచ్చింది. 1995 ఆగస్టులో శిబూ సోరెన్ అధ్యక్షుడిగా మండలి ఏర్పడింది. 1996 డిసెంబరు 24న పెసా చట్టం వచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు అధికారం అన్నది. కానీ బీహార్‌లో 1978 తర్వాత 2001 దాకా పంచాయతీ ఎన్నికలే జరగలేదు. గ్రామసభకు అధికారం ఇచ్చే చట్టం పుస్తకంలో ఉంది, ఊళ్ళో పంచాయతీ లేదు. ఆదివాసీల పాలిట ఇది చాలా పాత కథే.

చాయ్‌బాసా ఫైలు

కిద్వాయ్ పేరు దేశమంతా వినపడింది మాత్రం ఒక్క సంతకంతో. దాని మొదలు కూడా ఆదివాసీ నేల మీదే.

పశ్చిమ సింహభూమ్ జిల్లా కేంద్రం చాయ్‌బాసా. హో ఆదివాసీల గడ్డ. మాన్కీలు, ముండాలు అనే ఊరిపెద్దల వ్యవస్థ ఇప్పటికీ ఉన్న కొల్హాన్ ప్రాంతం. 1996 జనవరి 27న అక్కడి డిప్యూటీ కమిషనర్, అంటే మన కలెక్టర్ లాంటి అధికారి, అమిత్ ఖరే పశుసంవర్ధక శాఖ ఆఫీసుల్లో సోదాలు చేయించాడు. పశువులకు మేత, మందులు కొన్నట్టు దొంగ బిల్లులు పెట్టి ట్రెజరీ నుంచి కోట్లు డ్రా చేశారని బయటపడింది. చాయ్‌బాసా ట్రెజరీకి సంబంధించిన మొదటి కేసులోనే లెక్క 37 కోట్లు దాటింది. దేశం దీన్ని దాణా కుంభకోణం అంది. ఆదివాసీ జిల్లా ట్రెజరీ అంటే ఎవరు అడుగుతారులే అన్న ధీమా అది. పాట్నా హైకోర్టు 1996 మార్చిలో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

దారి చివరికి ముఖ్యమంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ ఇంటి దాకా వెళ్ళింది. ముఖ్యమంత్రిని కోర్టుకి ఎక్కించాలంటే అనుమతి ఇవ్వాల్సింది గవర్నర్. మామూలు ఫైలైతే మంత్రివర్గం సలహా వినాలి. కానీ ఆరోపణ ముఖ్యమంత్రి మీదే అయితే ఆయన మంత్రివర్గం సలహా ఏం ఇస్తుంది? మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే వ్యవహారంలో సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది, ఇలాంటప్పుడు గవర్నర్ తన సొంత విచక్షణతో నిర్ణయం తీసుకోవాలని.

సీబీఐ 1997 మే 10న అనుమతి అడిగింది. జూన్ 17న కిద్వాయ్ అనుమతి ఇచ్చాడు. వారంలోపే ఛార్జిషీటు పడింది. జూలై 25న లాలూ రాజీనామా చేశాడు, ఆయన భార్య రబ్రీదేవి ముఖ్యమంత్రి అయ్యింది. జూలై 30న లాలూ కోర్టులో లొంగిపోయాడు. చాయ్‌బాసా కేసులో రాంచీ సీబీఐ కోర్టు ఆయన్ని దోషి అని తేల్చింది 2013 సెప్టెంబరు 30న. ఒక సంతకానికి నెల పైచిలుకు పట్టింది, తీర్పుకి పదహారేళ్ళు.

దీంట్లో మనం చూడాల్సింది వరస. ముందు ఒక జిల్లా అధికారి ఆఫీసు తలుపు తీయించాడు. తర్వాత హైకోర్టు. తర్వాత సీబీఐ కాగితం. అన్నిటికన్నా చివర రాజ్‌భవన్ కలం. కెమిస్ట్రీ పిల్లలకు ఉత్ప్రేరకం తెలుసు కదా. చర్యను వేగం చేస్తుంది, కానీ చర్య జరగాల్సిన పదార్థాలు గిన్నెలో లేకపోతే ఉత్ప్రేరకం ఒక్కటీ ఏమీ చేయలేదు. గవర్నర్ కలం అలాంటిదే. కింద నుంచి కాగితం వెళ్ళినప్పుడే అది కదిలింది.

అదే ఎండాకాలం, మన ఆంధ్రలో

1997లో మన రాజ్‌భవన్‌లో ఉన్నది కూడా సైన్స్ మనిషే. కృష్ణకాంత్. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ టెక్నాలజీ చదివి, శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలిలో శాస్త్రవేత్తగా పనిచేసినవాడు. ఎమర్జెన్సీని ఎదిరించి కాంగ్రెస్ నుంచి బయటికి నెట్టబడ్డాడు. జయప్రకాశ్ నారాయణ్ పెట్టిన పౌరహక్కుల సంఘానికి మొదటి ప్రధాన కార్యదర్శి. 1990 ఫిబ్రవరి నుంచి 1997 ఆగస్టు దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్, ఆ తర్వాత ఉపరాష్ట్రపతి.

పాట్నాలో కిద్వాయ్ సంతకం పడిన నెల తిరగకముందే, 1997 జూలై 11న, సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. విశాఖ జిల్లా అనంతగిరి, బొర్రా ప్రాంతంలో గిరిజన భూముల మీద ప్రభుత్వం గిరిజనేతరులకు గనుల లీజులిస్తోందని సమతా అనే సంస్థ కోర్టుకెక్కిన కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో గిరిజనేతరుడితో సమానమే, ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం కుదరదు అని మెజారిటీ తీర్పు. గని లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల బాగుకు పక్కన పెట్టాలని కూడా అన్నారు. ఇక్కడా మొదట కదిలింది రాజ్‌భవన్ కాదు. 1/70ని చేతపట్టుకుని కోర్టుదాకా వెళ్ళిన మనుషులు.

ఇప్పుడు మన ఊరి సంగతి. అనంతగిరిలో తవ్వింది కాల్సైట్, సున్నపురాయి జాతి ఖనిజం. జగ్గయ్యపేట చుట్టూ ఉన్నదీ సున్నపురాయే, దాని మీదే మన సిమెంట్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. కెమిస్ట్రీ ల్యాబులో రెండూ కాల్షియం కార్బొనేటే. ఆమ్లం చుక్క వేస్తే రెండూ ఒకేలా పొంగుతాయి. కానీ చట్టం కళ్ళకు రెండూ వేరు. అనంతగిరి రాయి ఐదో షెడ్యూల్ లోపల ఉంది, మన రాయి బయట ఉంది. అక్కడ గిరిజనుడి భూమి కింద రాయి ఉంటే 1/70 అడ్డం నిలబడుతుంది. ఇక్కడ తండా భూమి కింద రాయి ఉంటే ఆ గోడ లేదు.

పాత కృష్ణా జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం అనేది లేదు. 2022లో నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి, జిల్లా పేరు మారింది గానీ ఆ లెక్క మారలేదు. మనకు ఎస్టీ సర్టిఫికెట్ ఉంది, హాస్టల్ సీటు ఉంది, ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంది. ఐదో షెడ్యూల్ రక్షణ మాత్రం లేదు. బెంగాల్ సంతాలు ఎలా ఉన్నారో మనమూ అలా ఉన్నాం.

గీత గీసేది కాగితమే అనడానికి మన పొలిమేరలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1956 జాబితాలో ఆంధ్ర జిల్లాల సుగాలీలు ఎస్టీలు. పేట దాటి కోదాడ వైపు పోతే, అదే మాట, అదే పండగ, అదే చుట్టరికం ఉన్న లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 సవరణ చట్టంతో గానీ రాలేదు. ఇరవై ఏళ్ళ తేడా. ఆ ఇరవై ఏళ్ళలో ఒక తరం చదువు పోయింది.

వచ్చింది నిలబడుతుందా?

ఉన్న రక్షణ కూడా శాశ్వతం అనుకోవద్దు. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. అప్పటి గవర్నర్ సి. రంగరాజన్, ఆర్థికశాస్త్రవేత్త. ఐదో షెడ్యూల్ అధికారంతో ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది ఆ జీవో. ఇరవై ఏళ్ళు ఎంతోమంది మన్యం బిడ్డలకు అన్నం పెట్టింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ కుదరదు, గవర్నర్ అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదు అంది. ఒక కలం రాసింది, ఇంకో కలం కొట్టేసింది. అందుకే కలం పట్టే చోట్లన్నిట్లోనూ మనవాళ్ళు ఉండాలి. కోర్టులో, సెక్రటేరియట్‌లో, యూపీఎస్సీ బోర్డులో, రాజ్‌భవన్‌లో.

మన చేతిలో ఏముంది?

ఐదో షెడ్యూల్ లేదని చేతులు ముడుచుకోనక్కర్లేదు. మైదాన ప్రాంత గిరిజనులకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టా భూమి అమ్మకం చెల్లదని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం చెబుతోంది. ఆ చట్టానికి తర్వాత వచ్చిన సవరణలు కూడా చదివి, మన తండాలో ఏ పట్టాకి ఏది వర్తిస్తుందో ముందు తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతం అన్న షరతు లేదు, అడవి ఆనుకుని సాగు చేసుకుంటున్న మైదాన గిరిజనులకీ వర్తిస్తుంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఎస్టీని తన భూమి నుంచి అన్యాయంగా వెళ్ళగొట్టడాన్నీ నేరం అంటుంది. 338ఏ అధికరణం కింద ఉన్న జాతీయ ఎస్టీ కమిషన్‌కి ఎవరైనా నేరుగా అర్జీ రాయొచ్చు. ఈ నాలుగింటికీ గవర్నర్ నోటిఫికేషన్ అవసరం లేదు. కావాల్సింది తండా రికార్డు. ఎవరి పేరున ఎన్ని సెంట్లు, అడంగల్‌లో ఎవరి పేరుంది, సాగులో ఎవరున్నారు.

సెలవుల్లో ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ తమ తండాకి ఈ లెక్క రాయాలని మా విన్నపం. గ్రూపులో పెట్టొద్దు, పేర్లు బయటపడతాయి. నోటు పుస్తకంలో రాసి తండా పెద్దల దగ్గర ఉంచండి. చాయ్‌బాసాలో కేసు నిలబడింది ట్రెజరీ లెక్క దొరికింది కాబట్టి. అనంతగిరి కేసు నిలబడింది భూమి లెక్క దొరికింది కాబట్టి.

ఇక కెమిస్ట్రీ చదివితే ఏమొస్తది అన్న ప్రశ్న. ల్యాబులో మనకు నేర్పేది ఇదే: తూచి చూడు, చూసింది రాయి, రాసిన దాన్ని ఎవడు అడిగినా చూపించు. కిద్వాయ్ ఆ అలవాటుతోనే పరీక్షల బోర్డుకి, అక్కడి నుంచి రాజ్‌భవన్‌కి వెళ్ళి ఉంటాడని మేము అనుకుంటున్నాం. మనలో కూడా ఒకరు ఎప్పుడో అక్కడికి వెళ్తారు. వాళ్ళ బల్ల మీదకు ఫైలు రావాలంటే ఇప్పుడు తండాలో కూర్చుని మొదటి కాగితం రాయాల్సింది మనమే.

చదివినవాళ్ళు మీ జూనియర్లకు కూడా పంపండి. జోహార్.